నలుపు వదిలిన నాణెం

పాలదుకాణం వెనకగదిలో వదిన చాచిన అరచేతిలో నల్లటి నాణెం ఉంది. పొద్దున ఎవరో ఇచ్చిన చిల్లరలో వచ్చింది. గడియారాలు బాగుచేసే మరిది దాన్ని భూతద్దంలోంచి చూస్తున్నాడు.

“అయస్కాంతానికి అంటుకోలేదు వదినా. వెండిదే అనుకుంటా. సంవత్సరం మాత్రం నలుపు కింద సరిగ్గా కనబడటం లేదు.”

“తోమితే కనబడుతుందిగా.”

“తోమొద్దు! మంచినీళ్ళలో కాసేపు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. ఆ నలుపు పోతే విలువా పోతుంది.”

“మురికికి విలువేమిటయ్యా? నేను చూడకూడని సంవత్సరమేదైనా ఉందా దాని మీద?”

“అదేం మాట వదినా!”

“మా పాత రేడియోని కూడా పనికిరాదనే పట్టుకుపోయావు. ఇప్పుడది నీ కొట్లో పాడుతోంది.”

“బాగుచేసుకున్నాను కాబట్టి పాడుతోంది. సరే, మీ కళ్ళముందే కడుగుతాను. గిన్నెలో నీళ్ళు తెస్తానుండండి.”

అతను తిరిగొచ్చేసరికి ఆమె ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి నాణేన్ని తళతళలాడేలా తోమేసింది.

“అయ్యో, ఎంత పని చేశారు!”

“ఇదిగో, సంవత్సరం కనబడుతోంది. చదువు.”

అతను భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఆ ఏడాది నాణేలు దొరకడమే అరుదు వదినా. సేకరించేవాళ్ళు ఎగబడి కొనేవారు. ఇప్పుడు దీని నిండా గీతలే. వెండి ధర వస్తే గొప్ప.”

ఆమె నాణేన్ని గుప్పిట్లో బిగించి, చెయ్యి వెనక్కి దాచుకుంది.

“అంటే, ఆ వెండి ధరకి నువ్వే కొనుక్కుంటానంటావు. అంతేనా?”