మూఢంలో తిరిగే పంటు

ఆ రెండో పంటు మీద అంతా ముసలివాళ్ళే ఎక్కుతున్నారేంటని కదండీ మీరడిగింది? చెప్తాను, కూర్చోండి. ఆ కుర్చీ వద్దండి, దాని కాలు ఊగుతుంది, ఇటు బల్ల మీద కూర్చోండి. టీ తాగుదురుగాని. మీ ఆఫీసు నుంచి ఎవరొచ్చినా మా కొట్టులో టీ తాగకుండా ఏలూరు తిరిగెళ్ళింది లేదు. మీ పేరు గోపీచంద్ గారని పొద్దున్నే తెలిసింది లెండి. కొత్త ఆఫీసరు గారు పంట్లు చూడ్డానికి వస్తున్నారు, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో స్పేరు పంటు తిప్పడం దండగని ఆపేస్తారట అని నిన్నటినుంచీ రేవంతా ఇదే మాట. ఆపుతారో ఆపరో మీ ఇష్టమండి, మధ్యలో దూరడానికి నేనెవర్ని? నా పేరు మల్లేశ్వరరావు, మా నాన్నగారి రోజుల్నించీ ఈ రేవులో కిరాణా కొట్టు మాది. అడిగారు కాబట్టి చెప్తున్నాను, అంతే. అయితే ఆ ముసలివాళ్ళ సంగతి చెప్పాలంటే ముందు బంగార్రాజు గారి సంగతి చెప్పాలి.

ఆయన పోయి చాలా కాలమైందండి. స్పేరు పంటుని నడిపే సరంగు. మంచి పొడగరి, మీసాలు దువ్వుకునే మనిషి, ఎప్పుడు చూసినా తెల్ల ప్యాంటే. గ్రీజు మరక లేకుండా తిరిగిన సరంగు ఈ రేవులో ఆయనొక్కడే. మరకెందుకు పడుతుందండీ, ఆయన పంటు కదిలితే కదా? అప్పుడూ రెండే పంట్లు, ఇప్పుడూ రెండే. పెద్దది రోజూ తిరుగుతుంది. కార్లు, ట్రాక్టర్లు, చేపల మేత లారీలు, ఐసు, కోళ్ళ ఎరువు, అన్నీ దాని మీదే ఈ కాలువ దాటి అవతల కొల్లేటి లంకకి వెళ్ళాలి. అది చెడిపోతే తిప్పడానికని ఈ రెండోదాన్ని ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు మంచి బుద్ధితోనే ఇచ్చారు, కాదనను. జరిగిందేంటంటే, పెద్దదానికి ఏది పాడైనా అప్పట్లో సామాను ఏలూరులో దొరికేది కాదు, విజయవాడ నుంచి రావాలి. ఈలోపు లారీల వాళ్ళు రేవులో నిలబడి మన ఏడుతరాలూ తిట్టిపోస్తుంటారు. ఎదురుగా అచ్చం అలాంటి ఇంజనే ఖాళీగా ఉంది. మెకానిక్ రూబెన్ ఏం చేస్తాడు పాపం? మంచివాడండి, ఆదివారం చర్చి నుంచి వస్తున్నవాణ్ణి దారిలో ఆపినా మొహం చిట్లించకుండా వచ్చి చెయ్యి వేసేవాడు. ఇందులోది విప్పి అందులో పెట్టేసేవాడు. “రాజుగారూ, వారంలో మీది మీకు బిగించేస్తానండి” అనేవాడు. ఆ వారం మాత్రం వచ్చేది కాదు. ఓసారి బ్యాటరీ, ఓసారి సెల్ఫు మోటారు, ఓసారి ఇంకేదో. ఆఖరికి స్పేరు పంటంటే సామాన్ల గదైపోయింది. పెద్దది పూర్తిగా ఆగిన రోజున చూస్తే ఇందులో ఇంజనుకి సగం సామానుండేది కాదు. అంతా కలిసి దోనెలమీద పడేవాళ్ళం.

రేవులో జనం ఊరుకుంటారా? “ఏవండీ రాజుగారూ, ఇవాళ ఎందాకా వెళ్ళొచ్చారండీ?” అని అడిగేవాళ్ళు. ఇంట్లో ఆయన భార్య నాగరత్నం గారు సరేసరి. ఆవిడ నోరు మీకు తెలీదు. మా ఆయనది నీళ్ళ మీద కూర్చునే ఉద్యోగమమ్మా అని పేరంటాల్లో చెప్పి నవ్వించేవారు. ఆయనా నవ్వేవాడు. కానీ లోపల చాలా బాధపడేవాడండి. ఇదిగో, మీరు కూర్చున్న ఈ బల్ల మీదే కూర్చుని నాతో చెప్పుకున్నాడు. పంటు నడపాలని వచ్చినవాడికి పంటుని కాపలా కాయమంటే ఎలా ఉంటుంది చెప్పండి.

ఇంతలో ఓ మాఘమాసం. లంకకి కొత్త కోడలొచ్చింది, కలిదిండి పిల్ల. పట్టుచీరా, కాళ్ళకి పారాణీ, చక్కగా ఉంది. పెద్ద పంటు మీద అంతకుముందు ట్రిప్పులో కోళ్ళ ఎరువు లారీ వెళ్ళింది. మీకు ఆ వాసన తెలుసా? మా చెరువుల వాళ్ళకి అలవాటే గానీ, పాపం ఆ పిల్ల ముక్కు మూసుకునే అత్తారింటికి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు చేపల ట్రేల నీళ్ళలో తడిసిపోయాయి. రేవులో ఆడవాళ్ళందరూ అయ్యో అయ్యో అంటుంటే బంగార్రాజు గారు మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. “ఇంటికి లక్ష్మిని తెచ్చుకుంటూ ఎరువు మీద తీసుకెళ్తారా? నా పంటు మీద ఇంతవరకూ ఒక్క మేత బస్తా ఎక్కలేదు. కొత్త పెళ్ళికూతురు దాని మీద రావాలి” అన్నాడు. ఆయన గొప్ప కోసం ఆయనన్నాడు. ఆడవాళ్ళకి మాత్రం ఆ మాట పట్టేసింది. తర్వాతి ముహూర్తానికి మామిడాకులు కట్టి, బంతిపూలు కట్టి, పసుపు రాసి, పంటుని పెళ్ళిపీటలా తయారు చేశాడు. పెళ్ళికూతురు ముందు కుడికాలు పెట్టి ఎక్కాలి, తర్వాతే మిగిలినవాళ్ళు. అంతే, ఇంక లంకలో పెళ్ళంటే స్పేరు పంటే. ద్వారకా తిరుమల కొండ మీద పెళ్ళి చేసుకొచ్చినా సరే, రేవు దగ్గర కారు దిగి దీనికోసం చూడాల్సిందే. ఇంక ఇందులోంచి రూబెన్ ఒక నట్టు విప్పితే ఒట్టు. విప్పబోతే, మా పిల్ల పెళ్ళి పంటు మీద చెయ్యి వేస్తావా అని ఆడవాళ్ళు చుట్టుముట్టేవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంజను ఆడుతూ ఉండేది, ఏ జబ్బున్నా వెంటనే బయటపడేది, పెద్దది ఆగిన రోజున ఇది టక్కున అందుకునేది. రాజుగారి తెల్ల ప్యాంటు మీద మరకలు పడ్డం మొదలైంది. ఆ మరకలు చూసుకుని ఎంత మురిసిపోయేవాడో.

మీకు టీలో పంచదార సరిపోయిందా అండీ? మా ఆవిడ నాకని తగ్గించేస్తుంది, వచ్చినవాళ్ళకీ అదే.

ఆఁ, ఎక్కడున్నాం? మూఢం దగ్గరికి వస్తున్నాను. ఆ సంవత్సరం ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు లేవు. సరే, శ్రావణంలో ఉంటాయిలే అనుకున్నాం. శుక్రమూఢం వచ్చి శ్రావణాన్ని కూడా ఊడ్చేసింది. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి పంటు కట్టేసి ఉంది. పెద్దదాని డీజిలు పంపు పాడైతే రూబెన్ వచ్చి దీని పంపు అడిగాడు. ఎప్పుడూ పోట్లాడే రాజుగారు ఈసారి, ముహూర్తాలు లేవు కదా తీసుకెళ్ళవయ్యా అన్నాడు. ఆడవాళ్ళూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. పెళ్ళి లేనప్పుడు పంటెందుకు అనే అందరం అనుకున్నాం. పంటు దేనికోసం ఇచ్చారో ఊరంతా మర్చిపోయామండి. వాన ఏమైనా పంచాంగం చూసుకుని వస్తుందా?

వచ్చింది. తమ్మిలేరు, బుడమేరు రెండూ ఒకేసారి కొల్లేట్లో పడ్డాయి. లంక చుట్టూ చెరువు గట్లు కనపడ్డం మానేశాయి. అందర్నీ ఇవతలికి తీసుకొచ్చెయ్యమని ఆఫీసు వాళ్ళు చెప్పారు. పెద్ద పంటు పొద్దున్నించీ తిరుగుతోంది. నేను లంకవాళ్ళకి బియ్యం బస్తాలు దించి అదే పంటు మీద తిరిగొస్తున్నాను. నాగరత్నం గారూ ఉన్నారు, వాళ్ళ అక్కగారిని తెచ్చుకోడానికి వెళ్ళారు. పిల్లలు, ముసలివాళ్ళు, గేదెలు, కాలు పెట్టే చోటు లేదు. కాలువ మధ్యకొచ్చేసరికి ఎగువనించి గుర్రపుడెక్క దుబ్బులు దుబ్బులుగా కొట్టుకొచ్చి కింద ఫ్యానుకి చుట్టేసుకుంది. సరంగు ముందుకీ వెనక్కీ గుంజాడు. టప్పుమని షాఫ్టు విరిగింది. ఇంజను ఆడుతోంది, పంటు కదలదు. లంగరు వేశారు. పట్టిందిగానీ ఉప్పుటేరు వైపు లాగుడు మామూలుగా లేదు, తాడు కిర్రుమంటోంది. నాకు భయం వేసిందండి, దాచుకోడానికేముంది? దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాను.

ఇవతల రాజుగారు తన పంటు దగ్గరకి పరిగెత్తాడు. పరిగెత్తితే ఏముందక్కడ, పంపు లేని ఇంజను. ఆ పంపు మా కాళ్ళ కింద, పెద్దదానిలో ఉంది. చుట్టుపక్కలున్న దోనెలన్నీ ఎగువ ఊళ్ళకి వెళ్ళిపోయాయి, ఒక్కటే మిగిలింది. రూబెన్ని ఎక్కించుకుని అందులో మా దగ్గరకొచ్చాడు. దోనె వస్తుంటే మేం ప్రాణం లేచొచ్చినట్టు చూశాం. ఆయనొచ్చి చేసిందేంటి? ఇంజను మూత ఎత్తి పంపు విప్పబోయాడు. ఇంక చూడండి జనం. ఉన్న ఇంజను కూడా ఊడదీస్తావా, మమ్మల్ని నీళ్ళపాలు చేసి నీ పంటు బాగుచేసుకుంటావా అని కేకలు. షాఫ్టు విరిగాక ఈ ఇంజను ఎంత ఆడినా ఒకటేనని రూబెన్ చెప్తున్నాడు, వినేదెవరు? చప్పుడు వినపడుతుంటే అదో ధైర్యం. అది ఆగిపోతే అంతా ఆగిపోయినట్టే కదండీ. ఒకాయన వెళ్ళి ఇంజను మూత మీదే కూర్చున్నాడు. నా మీదుగా విప్పండి అన్నాడు. రాజుగారు నడుం దాకా బురదతో, చేతిలో పానా పట్టుకుని, ఒక్కొక్కళ్ళ మొహం చూస్తున్నాడు.

అప్పుడు నాగరత్నం గారు గేదెల్ని తోసుకుంటూ ముందుకొచ్చారు. “తీసుకెళ్ళనివ్వండి. ఆయన వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను. నన్ను నీళ్ళమధ్య వదిలేసి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయే అదృష్టం ఆయనకెక్కడిది?” అన్నారు.

అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. మూత మీదాయన కూడా నవ్వలేక నవ్వుతూ లేచాడు. పంపు విప్పారు. ఇంజను ఆగిపోయింది. దోనెలో ఒకరికి చోటుంది, నువ్వైనా వెళ్ళవే అని వాళ్ళ అక్కగారు బతిమాలారు. ఈవిడ ఓ పసిపిల్లాడి తల్లిని ఎక్కించి తను పంటు అంచున కూర్చుండిపోయారు. రాజుగారు ఆవిడ వంక ఒకసారి చూసి దోనె ఎక్కాడు.

తర్వాత ఎంతసేపైందో నాకు తెలీదు. అందరం రేవువైపే చెవి పెట్టి కూర్చున్నాం. చప్పుడొచ్చింది, ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగిపోయింది. తర్వాత గడగడమని అందుకుంది చూడండి, గేదెలు కూడా తలెత్తాయి. అప్పటిదాకా అందర్నీ నవ్వించిన నాగరత్నం గారు కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చారండి.

పక్కకి పంటు తెచ్చి ఆనించాడు. ముందు పిల్లల్ని ఎక్కించమన్నారు ఎవరో. ఉండండి, ఈ పంటు మీద ముందు పెళ్ళికూతురే ఎక్కాలని లంక ఆడవాళ్ళు పట్టుబట్టి, ఎవరి నుదుటినించో కుంకం తీసి నాగరత్నం గారికి పెట్టి, కుడికాలు పెట్టమ్మా అని ఎక్కించారు. అంత మొగాడు, రాజుగారు సిగ్గుతో ఇంజను గదిలోకి దూరిపోయాడు. అందరం గట్టుకి చేరాం. లంకలో మిగిలినవాళ్ళనీ ఆ సాయంత్రానికల్లా తెచ్చేశాడు. ఒక్క ప్రాణం పోలేదండి.

అప్పట్నించే ఈ అలవాటు. మళ్ళీ మూఢం వచ్చినప్పుడు పంటు మూలపడకుండా ఏం చెయ్యాలని రేవులో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. తలొక మాటా అంటున్నారు. రాజుగారన్నాడు కదా, “మూఢం పెళ్ళి చేసుకోబోయేవాళ్ళకి గానీ, అయిపోయినవాళ్ళకేంటండీ? వాళ్ళనెక్కిద్దాం.” అలా మూఢం ఉన్నన్నాళ్ళూ ముసలి జంటలు వారం వారం ఎక్కి అవతలికి వెళ్ళి వస్తారు. పులిహోర తెచ్చుకుంటారు. ఆడవాళ్ళు పూలు పెట్టుకుంటారు. జంటలో ఒకరు పోతే రెండోవాళ్ళు ఒక్కరే వస్తారు. రాజుగారు పోయిన ఏడాది నాగరత్నం గారు వస్తే, ఎవరో చాదస్తపు మనిషి గొణిగిందట. పంటు మా ఆయనది, నేనెక్కకపోతే ఎవరెక్కుతారమ్మా అని ఈవిడ వెళ్ళి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. అదిగో, నీలం చీర, చేతికర్ర, ఆవిడే. పక్కన ఖాళీ ఉంది చూశారా, అక్కడ ఎవరూ కూర్చోరు.

ఇంజను దగ్గరున్న అమ్మాయి షారోన్, రూబెన్ కూతురు. వట్లూరులో డిప్లొమా చదివింది, తండ్రి కంటే గట్టిది, అడిగితే నట్టు కాదు కదా, నట్టు నీడ కూడా ఇవ్వదు. అదిగో, స్టార్ట్ చేస్తోంది. వెళ్ళండి, మీరూ ఓ ట్రిప్పు వెళ్ళిరండి, ఆపడం అంటే తర్వాత…

ఉండండి. ఇంజను పట్టలేదేంటి?

మళ్ళీ సెల్ఫు కొడుతోంది. ఊహూఁ. నిన్న పెద్దదాన్ని తోమించడానికి దీన్ని స్టార్ట్ చేసి పక్కకి కదిపారు, అప్పుడు బాగానే ఉంది. అందరూ దిగిపోతున్నారు. నాకోసం ముందే ఎక్కి కూర్చున్న మా ఆవిడ కూడా దిగేసింది, పులిహోర క్యారేజీ పట్టుకుని. నాగరత్నం గారు దిగరు లెండి. ఏమంటున్నావమ్మా షారోన్? గట్టిగా చెప్పు. ఆఁ, అదేదో లోపల వాషరు అరిగిపోయిందటండి, డీజిలు లాగట్లేదట, కొత్తది కావాలట. చూశారా, ఎండ కాస్తోంది, కాలువ నిద్రపోతున్నట్టుంది, లంకలో అందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నారు. ఈరోజు తెలిసింది కదండీ పట్టదని. ఈరోజు తెలిసింది. నేను చెప్పాలనుకున్నది అంతే.

ఏంటండీ, ఫోను తీశారు? మీ ఏలూరు స్టోర్సుకా, వాషరు పంపమనా? అయితే ఇటు గుమ్మంలోకి రండి, ఇక్కడ సిగ్నల్ బాగుంటుంది. మాట్లాడండి, మాట్లాడండి, నేను నోరెత్తను.