అతుకు కుదరని గుండె

నారాయణఖేడ్ బజారులో ఆబెదా ఊలు దుకాణం. బల్ల మీద క్రోషియాతో అల్లిన రెండు దుప్పటి ముక్కలు. ఒకటి పెండ్లికూతురి తల్లి గ్రేసమ్మ అల్లింది, ఇంకొకటి పెండ్లికొడుకు తల్లి లీలమ్మ అల్లింది. రెండూ కలిపి కుడితే నడుమ ఒక ఎర్రటి గుండె బొమ్మ రావాలి.

"గుండె ఏడ వచ్చింది లీలా వదినా? నా సగమేమో నిండుగ వచ్చింది. నీ సగం జూడు, ఎండుమిరపకాయ."

"నా చెయ్యి బిర్రు గ్రేసు వదినా. మా అత్త చర్చి మిషన్ దొరసాని కాడ కూసొని నేర్చుకున్నది, నాకు నేర్పింది. నీ లెక్క వదులు వదులు అల్లితే సందుల్లకెల్లి ఏలు దూరుతది."

"దూరనీ. గాలాడుతది."

"దుప్పటి కప్పుకునేది గాలాడనీకెనా?"

"అక్కా, ఇద్దరికి జెప్తున్న, జర సబర్ జేయుండ్రి. ఛాయ్ తెప్పిచ్చిన. ముందుగాల కొలుద్దాం, కొట్లాట తర్వాత."

"కొలుసుడెందుకు ఆబెదా, కండ్లకు కనవడ్తలేదా? ఇద్దరం సమానంగనే వరుసలు అల్లినం. అయినా నాది జానెడు పెద్దగున్నది."

"అదే అంటున్న గ్రేసక్కా. వరుసలు సమానముంటే ఏం ఫాయిదా, చేతులు సమానం లేకపాయె. నేను మొదట్లనే జెప్పిన. గుండె బొమ్మ ఒక్కలే అల్లుండ్రి, చుట్టూత అంచు ఇంకొకలు అల్లుండ్రి అని."

"అంచు ఎవలు అల్లాలె? పిల్లగాని తల్లినా?"

"మరి నేనా లీలా వదినా? పిల్లనిచ్చేదాన్ని. నేను అంచుకు జరుగాల్నా?"

"ఇగో, గిందుకే సగం సగం అయింది. పోనీ, ఒక్క గుండె ఎందుకు? పక్కపక్కన రెండు చిన్న గుండెలు వెట్టుండ్రి. ఎవలది వాళ్లు అల్లుకోవచ్చు."

"రెండు గుండెలంటే రెండు కాపురాలు ఆబెదా. అపశకునం మాట్లాడకు."

"సరే తల్లీ, మాట్లాడ."

"నీకు మా ఇండ్లల్ల రివాజు తెల్వదు. చర్చిల ప్రమాణాలైనంక పిల్లను పిల్లగాన్ని ఒక్క దుప్పట్ల చుట్టి ప్రార్థన జేస్తరు. గా దుప్పటి రెండు దిక్కుల తల్లులు గలిసి అల్లాలె. నా పెండ్లికి గట్లనే అల్లిండ్రు."

"నా పెండ్లికి గుడ అల్లిండ్రు లీలా వదినా. గానీ మాది నక్షత్రం బొమ్మ. గీ గుండె పంచాయితి దెచ్చింది మీ స్టాన్లీ."

"స్టాన్లీ గాదు. మీ దీవెన ఫోన్ల జూపిచ్చింది."

"పిల్ల జూపిస్తది. వద్దనే తెలివి పిల్లగానికి ఉండాలె."

"నీ బిడ్డను వద్దనే తెలివి ఉంటే వానికి గీ పెండ్లే ఎందుకయితది?"

"ఏమన్నవ్?"

"ఛాయ్ వచ్చింది! తాగుండ్రి, ఇద్దరు తాగుండ్రి."

"తాగుత గానీ ఆబెదా, గీ ఎరుపు సంగతి జూడు. నాది నీ కాడ కొన్న ఎరుపు. లీలా వదినది ఇటుక రంగు."

"బీదర్ నుంచి తెప్పిచ్చిన గ్రేసు వదినా. అసలు మాల్."

"ఖేడ్‌ల ఎరుపు దొరకదా?"

"దొరుకుతది. ఎవలకైనా దొరికేది దొరుకుతది."

"లీలక్కా, నా దుకాణంల కూసొని, నా ఛాయ్ తాగుకుంట..."

"నిన్ను అనలే ఆబెదా."

"మరెవలిని అన్నవ్?"

"ఎవ్వలిని అనలే. ఇంకో ముచ్చట. పిల్లగాని సగం కుడి దిక్కు రావాలె. చర్చిల పిల్లగాడు కుడికే నిలవడ్తడు."

"ఎవలి కుడి లీలా వదినా? పాస్టరు తిమోతి దిక్కు నుంచి జూస్తే అది ఎడమ."

"పాస్టరు దిక్కు నుంచి ఎందుకు జూస్తరు? చుట్టాలంత ఎనక కూసుంటరు."

"దేవుడు ముంగట నుంచి జూస్తడు గద."

"దేవునికి కుడి ఎడమ ఉంటదా?"

"ఇప్పటిదాక నువ్వేగా కుడి కుడి అన్నది!"

"అరే, ఈస్టరు కాడ గుడ గిదే లొల్లి. గుండె మొన మీదికా కిందికా అని పెండ్లే దసరా సెలవులకు జరిపిండ్రు. యాదికున్నదా?"

"నేను జరుపలే ఆబెదా. గ్రేసు వదిన మొన మీదికి వెట్టింది."

"కింది నుంచి అల్లుకుంట వచ్చింది నువ్వు లీలా వదినా. మీది నుంచి వచ్చింది నేను. ఒక్కలు ఆ కొసకెల్లి, ఒక్కలు ఈ కొసకెల్లి మొదలువెడ్తే మొనలు ఏడ గలుస్తయ్?"

"నన్నడిగి మొదలువెట్టాలె."

"నువ్వు ఫోన్ ఎత్తినవా?"

"అయిపోయింది గద, గది అయిపోయింది. ఇప్పుడు మొనలు కలిసినయ్. వచ్చే బేస్తారం పెండ్లి, కార్డులు పంచిండ్రు. కంగ్టి చుట్టాలు, మనూర్ చుట్టాలు ఆటోలు మాట్లాడుకున్నరు. మీ ఇద్దరిట్ల ఒక్కలు ఇప్పదీసి మల్ల అల్లుండ్రి. గంతే."

"గ్రేసు వదిన ఇప్పుతది."

"నేనెందుకు? చిన్నది ఇప్పి పెద్దగ అల్లరాదా?"

"పిల్లగాని సగం ఇప్పదీస్తే శుభమేనా?"

"పిల్ల సగం ఇప్పదీస్తే శుభమా?"

"ఆడిపిల్ల తల్లి జర తగ్గాలె గ్రేసు వదినా."

"నేను తగ్గాల్నా? గీ రెండు ముక్కలు జూస్తే తెలుస్తలేదా ఎవలు తగ్గిండ్రో! చర్చిల అందరు జూసి ఏమంటరు? పిల్లగాని దిక్కు ప్రేమ పిసరంతనే ఉన్నది అంటరు."

"మీ దిక్కు జూసి, పిల్ల వచ్చి ఇల్లంత ఆక్రమిస్తది అంటరు. అనుడేంది, నాకు ఇప్పుడే కనవడ్తుంది."

"లీలక్కా, అది ఊలు. ఉట్టి ఊలు."

"ఊలుల గుణం తెలుస్తది ఆబెదా."

"గుణమా? నా బిడ్డ గుణమా? అయితే ఇగ గీ పెండ్లే వద్దు! పాస్టరుకు ఇప్పుడే ఫోన్ జేస్త."

"జెయ్యి గ్రేసు వదినా. నంబరు లేకుంటే నేనిస్త."

"గ్రేసక్కా, ఫోన్ కింద వెట్టు."

"వెట్ట! నా బిడ్డను గీమె ఇంటికి తోలి నేను నిద్రపోతనా?"

"వెట్టక్కా. పెండ్లి ఆగదు."

"ఎట్ల ఆగదు ఆబెదా? తల్లిని, నేను వద్దంటున్న!"

"ఆపనీకె ఏం మిగల్లేదు."

"ఏం మాట్లాడ్తున్నవ్? సక్కగ జెప్పు."

"ఈస్టరు పెండ్లి మీరు ఆపినంక వాళ్లిద్దరు రిజిస్టర్ ఆఫీసుకు వొయ్యిండ్రు. దీవెన, స్టాన్లీ. నేను సాక్షి సంతకం వెట్టిన. తక్కువవడ్డ సాక్షులను మా ఆయన అంజద్ తోల్కొచ్చిండు."

"మా స్టాన్లీయా? వానికి బస్సుల టికెట్ దీసుకునుడు రాదు ఆబెదా!"

"గిది వచ్చింది లీలక్కా."

"నా బిడ్డ... నాకు జెప్పకుంటనా? పొద్దుగాల గుడ నాతోని పెండ్లి చీర ముచ్చటే వెట్టింది."

"ఆఫీసుకు వొయ్యేముందుగాల మీకు జెప్పనీకెనే వచ్చిండ్రు గ్రేసక్కా. గా దినం మీరిద్దరు గీ బల్ల కాడ ముక్కలు వట్టుకొని గుంజులాడుతున్నరు. గడప కాడ జరసేపు నిలవడ్డరు. దీవెన కండ్లల్ల నీళ్లు దీసుకున్నది. ‘దుప్పటి అయ్యేదాక ఆగితే మేం ముసలోళ్లమైతం ఆబెదక్కా’ అన్నది. నాకు పానం ఒప్పలే. సంతకం వెట్టిన. తిట్టాలంటే తిట్టుండ్రి."

"నా బిడ్డ పెండ్లి నేను జూడకపోతి."

"నేను జూసిన్నా వదినా? ఒక్కగానొక్క కొడుకు. ఏడువకు. నువ్వేడిస్తే నాకు గుడ వస్తుంది."

"మనమే జేసుకున్నం లీలా వదినా."

"అవ్, మనమే. ఆబెదా, గీ ముచ్చట ఇంకెవలకు తెల్సు?"

"బయట ఎవ్వలకు తెల్వదు."

"తెల్వనియ్యకు. బేస్తారం చర్చిల పెండ్లి చేసేద్దాం. మనకు గుడ ఏం తెల్వనట్టే. ఏమంటవ్ గ్రేసు వదినా?"

"జేద్దాం. నా సగం నేను ఇప్పుత. మరీ పెద్దగున్నది."

"వద్దు, నేనిప్పుత. నా చెయ్యే బిర్రు."

"నువ్వు ముట్టకు లీలా వదినా. మీ అత్త నేర్పిన అల్లిక అది."

"అయితేంది? ఇప్పుతనంటే ఇప్పుత."

"నేను ముందుగాల అన్న!"

"నేను పెద్దదాన్ని! ఇటియ్యి!"

"అరే, గుంజకుండ్రి, చినుగుతది! ఇద్దరు ఇప్పుండ్రి. మల్ల గింత పెద్దగ గుడ అల్లకుండ్రి అక్కా. మొన్న దీవెనను దవాఖానకు తోల్కపోయింది నేనే. ఎండలు ముదరకముందే గా దుప్పటి పరుసుడు మంచం మీద గాదు, ఉయ్యాలల."