ఏట్లోకి రాబాక

బోగోలు మండలంలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక తీరపు ఊరు. పొద్దున పది గంటలు. సముద్రంలో పడవ మీద సుబ్బు, ఒడ్డున అతని భార్య సుభాషిణి. ఫోన్లో.

“రాబాకంటే ఇనవేందయ్యా! పడవ తిప్పు.”

“తిప్పేదేందిమే? అరగంటలో ఏటి మొగలో ఉంటాం. సైరన్ మోగిందని నువ్వే కదా చెప్పినావు.”

“మోగింది. అండమాన్ కాడ భూమి అదిరిందంట, సునామీ వస్తాదంట. అందుకే ఏట్లోకి రాబాకంటుండా.”

“ఎన్ని తుపాన్లు చూడలేదు? ప్రతిసారీ పడవలు ఏట్లోనే కదా కట్టేది. ఒక్కటన్నా పోయిందా?”

“అది గాలి. ఇది గాలి కాదు. మొన్న ఆఫీసరమ్మ వచ్చి చూపించలా? ట్రేలో నీళ్లు పోసి, రెండు ఇటికెలు సందుగా పెట్టి...”

“నేనప్పుడు టీ తాగను పోయినా.”

“పోతావు, ఎందుకు పోవు! వెడల్పుగా వచ్చే నీళ్లు సందులో దూరితే పక్కకి చోటుండదు, పైకి లేస్తాయి. బయట ఏలెడు లేచినవి ఇటికెల మధ్య జానెడు లేచినాయి. మన ఏరూ అట్టాంటి సందే.”

“పోలేరయ్యన్నా, ఇంజను కొంచెం తగ్గించన్నా.”

“ఇంటుండావా?”

“ఇంటుండా. యాడికి పోమంటావు?”

“తాడు ఎంతేసినా అడుగు తగలదంటావే, ఆ లోయ. దాని మీదికి పోండి. లోతులో అల లేవదంట, పడవ కింద నుంచి పోతాదంట. లోయ కాడ రెండు పక్కలకీ ఇరిగి, ఆ పక్కల ఒడ్డునే ఎక్కువ కొడతాదంట.”

“మన ఏరు ఆ పక్కనే కదమే.”

“మరి? అందుకే చెప్తుండా.”

“నువ్వు యాడుండావు?”

“తుపాను షెల్టర్లో. పై మిద్దె మీద.”

“బిడ్డ?”

“కరుణాకుమారి వదిన కాడ.”

“మా నాయన?”

“ఉండాడు.”

“ఫోనియ్యి.”

“ఆయనకి ఇనపడి చస్తాదా? నువ్వు తిప్పినావా లేదా?”

“తుపానొస్తే చాలు, ఏట్లో మా పాత పడవలోకి పోయి తాడు పట్టుకోని కూర్చుంటాడు. ఈసారి పోలా?”

“ఉండాడంటుండా కదా!”

“అరవబాకమే.”

“భయంగా ఉందయ్యా. తిప్పు.”

“ఏట్లో ఎన్ని పడవలుండాయో చూసి చెప్పు.”

“ఇక్కడ్నుంచి ఏం కనపడతాది? సరుగుడు తోట అడ్డం.”

“అవునులే. పోలేరయ్యన్నా! తిప్పన్నా, లోయ మీదికి పోనీ. నేను చెప్తాగా, తిప్పు! ... తిప్పినాం మే.”

“నిజంగా?”

“బిడ్డ మీద ఒట్టు. తూరుపుకి పోతుండాం.”

“పోండి. ఆగబాకండి. ఏమైనా సరే ఎనక్కి... అయ్యో.”

“ఏందిమే?”

“నీళ్లు. ఏట్లో నీళ్లు ఎనక్కి లాగేస్తుండాయి. పడవలన్నీ బురద మీద కూర్చున్నాయి. మామా, తాడు వదులు! దిగు మామా!”

“సరుగుడు తోట అడ్డం అన్నావు కదమే.”

“చెప్తే పడవ తిప్పేవాడివా?”