పానా మింగిన బాక్టీరియా

పరిశోధనశాల గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టులో ఫ్రిజ్‌ల మెకానిక్ మళ్ళీ ఓ టీ చెప్పి, తాగకుండా పక్కన పెట్టేశాడు. కొట్టు నడిపే అక్క అది చూసింది. లోపల ఆయన కూతురికి డాక్టరేట్ ఆఖరి పరీక్ష. "నీ మొహం చూస్తే నాకూ కంగారొస్తుంది నాన్నా, బయటే ఉండు" అని చెప్పి వెళ్ళిందట.

ఈయన నోరు ఊరుకుంటే గుండె ఊరుకునేలా లేదనిపించింది అక్కకి. "ఇంతకీ అమ్మాయి ఏం చదివింది బాబాయ్?" అని కదిపింది.

అంతే, ఆయన బెంచీ మీద సర్దుక్కూర్చున్నాడు.

"బాక్టీరియాని చదివిందమ్మా. దాని ఒంట్లో ఓ ప్రొటీన్ ఉంటుంది, లోపలంతా బోలు, డబ్బాలాగ. మట్టిలో దొరికిన లోహం అణువుల్ని పోగేసుకొచ్చి ఆ డబ్బాలో గుత్తులు గుత్తులుగా కట్టి దాచుకుంటుంది, కరువొస్తే వాడుకోడానికి. ఇది మా అమ్మాయి చెప్పిన మాట. ఇక నేను కళ్ళారా చూసింది వినండి."

"మొదలెట్టాడ్రా," అన్నాడు పక్కనున్న టైలరు.

"ఓసారి వాళ్ళ గదిలో ఫ్రిజ్ ఆగిపోతే నేనే బాగుచేశాను."

అది నిజమే. అందరూ తలూపారు.

"ఆ పనిలో నా పానా జారి బాక్టీరియా పెంచే సీసాలో పడింది. చెయ్యి పెడితే అమ్మాయి ఊరుకోదని అలాగే వదిలేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున చూస్తే పానా లేదు! ఆనవాలు కూడా లేదు! సీసా ఎత్తబోతే ఆ బరువుకి నాకు నడుం పట్టేసింది."

"ఎవడో కొట్టేసుంటాడు," అన్నాడు టాక్సీ డ్రైవరు.

"వినవయ్యా! మర్నాడు బల్ల మేకులు పోయాయి, బల్ల కూలబడింది. ఆపైన తలుపు బందులు పోయాయి, లోపలికెళ్ళేవాళ్ళు తలుపుని చంకన పెట్టుకుని వెళ్ళడమే. చివరికి లిఫ్టు! అందులో పెద్ద ప్రొఫెసరుగారున్నారు. ఎంతైనా చదువుకున్నవాళ్ళ మధ్య పెరిగిన బాక్టీరియా కదా, ఆయన్ని ముట్టుకోకుండా చుట్టూ ఉన్న లిఫ్టు మాత్రం తీసుకుంది."

"మరి ఆయన కింద పడలేదా?" టైలరు తనని తాను మరిచిపోయి అడిగాడు.

"పడ్డానికి ఆయనకి తీరికేదీ? అన్నీ మీటింగులే!"

అంతలో గేటు చప్పుడైంది. మెకానిక్ చటుక్కున తలతిప్పాడు. ఎవరో వేరే మనిషి. ఆయన మాట అక్కడే తెగిపోయింది, చూపు గేటు మీదే ఉండిపోయింది. నవ్వబోయిన డ్రైవరుని అక్క కళ్ళతోనే ఆపి, "ఆ తర్వాతేమైంది బాబాయ్?" అంది మెత్తగా.

"ఆ... తర్వాతా? నేను సీసా ముందు చతికిలబడి, 'ఏమ్మా, మా పిల్ల తిండీ నిద్రా మానుకుని మిమ్మల్ని పెంచింది, దాని పేరు చెడగొడతారా?' అని అడిగాను. పాపం, సిగ్గుపడ్డాయి. డబ్బాల మూతలన్నీ ఒక్కసారి తెరిచేసరికి ఊరంతా కిటికీలు గలగల్లాడాయి. లిఫ్టొచ్చింది, బందులొచ్చాయి, నా పానా వచ్చింది. నేను పడేసింది పది నంబరు పానా, వచ్చింది పన్నెండు నంబరు. ఆ డబ్బాలో కూర్చుని కాస్త ఒళ్ళు చేసింది!"

"నాన్నా, మా ప్రొటీన్ ఇనుముని దాచుకోదు."

వెనకాల కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"అది దాచేది మాలిబ్డినం, టంగ్‌స్టన్ అనే వేరే లోహాల్ని. నీ పానావైపు కన్నెత్తి కూడా చూడదు."

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. మెకానిక్ మాత్రం నవ్వలేదు. లేచి కూతురి మొహంలోకి చూశాడు.

"దాని సంగతి సరేనమ్మా, నీ సంగతేంటి?"

"ప్యాసయ్యాను నాన్నా. డిగ్రీ ఇవ్వొచ్చని అందరూ సంతకాలు పెట్టేశారు."

ఆయన నోరు తెరిచాడు. మూసుకున్నాడు. కొట్టులో ఉన్నవాళ్ళందరి వైపూ తిరిగి, "మా... మా అమ్మాయి..." అని మళ్ళీ ఆగిపోయాడు.

"ఏం బాబాయ్," అన్నాడు డ్రైవరు, "లిఫ్టుని మింగించినవాడివి, నిజం చెప్పాల్సొచ్చేసరికి నోరు రావట్లేదా?"

రావట్లేదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.