క్యాలెండరు వెనక మూడు గళ్ళు

జూన్ నెల ఆఖరి ఆదివారం మధ్యాహ్నం. జంషెడ్‌పూర్ సీతారామ్‌డేరాలో ఒంటి గది ఇల్లు. తలుపు వెనక క్యాలెండరు తిరగేసి వేలాడుతోంది. దాని ముందు పెన్ను పట్టుకుని ఇరవై ఏళ్ళ హేమ. మంచం మీద ఆమె తండ్రి, ఆదిత్యపూర్‌లో ఒక కాంట్రాక్టరు కింద కొలిమి పని చేసే అసిరయ్య.

"అది కాదు నాన్నా, నడిచేవా లేదా? అవునో కాదో చెప్పు."

"నడిసినాను."

"ఎక్కడిదాకా?"

"అక్కడిదాకా."

"అక్కడంటే?"

"సాక్చి గోల్‌చక్కర్ దాకా. ఏటి, సాచ్చికం తేవాలా?"

"రోజూనా?"

"రోజూ అంటే... రోజూ అంటే ఏటి, వానలో మనిషి ఎలాగ నడుత్తాడు?"

"ఈ నెల వాన పడింది నాలుగు రోజులు. గడిలో నువ్వు టిక్కు పెట్టింది మూడు రోజులు. మిగతా రోజులేమయ్యాయి?"

"పోనాయి. రోజులు పోకుండా ఉంటాయేటి?"

"నాన్నా!"

"ఏల అరుత్తావు? పక్కింటోళ్ళు ఇంటారు."

"విననీ. జనవరి ఒకటో తారీకున ఇక్కడ మూడు గళ్ళు ఎవరు గీయమన్నారు? చదువు, ఒళ్ళు, డబ్బు. మూడూ నువ్వే చెప్పేవు. ఆర్నెల్లకి లెక్క చూడమ్మా, తప్పితే తిట్టమ్మా అన్నావు. ఆర్నెల్లయింది. తిడుతున్నాను."

"కొత్త సంవత్సరమని మీ అమ్మ పాయసం పెట్టింది. నోరు తీపిగున్నాది. అనీసినాను."

"చొక్కా చెయ్యి పైకి మడు."

"ఇప్పుడేటి?"

"నా ఫ్రెండు రీనా దగ్గర బీపీ మిషన్ అడిగి తెచ్చేను. సాయంత్రం తిరిగిచ్చీయాలి. చెయ్యి చాపు. మాట్లాడకు."

"మాటాడలేదే."

"ఇప్పుడు మాట్లాడేవు. మళ్ళీ మొదట్నుంచి పెట్టాలి."

"నాకు బీపీ పెంచడానికే పుట్టింది ఈ మిషన్."

"చుప్!"

"..."

"నూట డెబ్బై. కింద నూట నాలుగు."

"జనవరిలో ఎంతున్నాది?"

"నూట అరవై. తగ్గాలని రాసుకున్నాం నాన్నా. పెరిగింది."

"ఏదో ఒకటి పెరిగింది గదా. డబ్బు గడిలో అదీ లేదు."

"నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు. రోజూ మాత్ర వేస్తున్నావా?"

"ఏత్తన్నాను."

"నెలకి ముప్ఫై మాత్రలు, పందొమ్మిదే తీసేవు. ఖైనీ మానేవా?"

"తగ్గించినాను."

"ఆ జేబులో ఏముంది?"

"జేబు ముట్టుకోకు!"

"ఏం? ఖైనీ డబ్బాయేనా?"

"అది ఈ జేబులో ఉన్నాది. ఇదిగో, తీసుకో. పారీ. చొక్కా జేబు మటుకు ముట్టుకోకు."

"ఇంత సులువుగా ఇచ్చీసేవేంటి? ఆర్నెల్లుగా ఈ డబ్బా కోసం కొట్టుకుంటున్నాం మనం."

"మంచోణ్ణయిపోనాను. రాసుకో."

"సరే. డబ్బు. రేకు డబ్బాలో మూడు వారాలుగా రూపాయి పడలేదు."

"షట్‌డౌన్ అని సెప్పినాను గదా. కొలిమి మరమ్మత్తు. మనుషుల్ని రావద్దన్నారు."

"పదో తారీకుకి నర్సింగ్ కాలేజీలో మొదటి ఫీజు కట్టాలి. కట్టకపోతే నా సీటు ఇంకొకళ్ళకి ఇచ్చీస్తారు. తెలుసా?"

"తెలుసు."

"సగం కూడా లేదు డబ్బాలో. తెలుసా?"

"తెలుసమ్మా. పొద్దస్తమానం అదే తెలుసు."

"మార్చిలో అందులోంచే తొమ్మిది వందలు తీసేవు."

"బూట్ల కోసరం. అడుగు కాలిపోనాది. ఏడేడి ఇనప ముక్క మీద కాలు పడితే నీ నర్సింగు నా మీదే మొదలెడుదువు."

"కంపెనీ ఇవ్వదా బూట్లు?"

"మంచినీళ్ళియ్యి."

"అడిగేను. బూట్లు మనమే కొనాలా? వాళ్ళివ్వరా?"

"చదువు గడికి రా. అదొక్కటీ ఎందుకు మిగలాలి."

"మాట మార్చకు."

"నువ్వే గదా లెక్క సూత్తన్నావు. సూడు మరి."

"సరే, చదువు. ఒకటో క్లాసు హిందీ పుస్తకం. నలభై పేజీలు. ఎక్కడున్నావు?"

"సివర్లో."

"అబద్ధం. గుర్తు పెట్టుకున్న అగ్గిపుల్ల పన్నెండో పేజీలో ఉంది."

"ఆ పుల్ల అక్కడ మరిసిపోనాను."

"మొదటి రోజు నా పేరు రాయించాను, గుర్తుందా? హేమా. యాభై సార్లు రాసేవు. ఆ తర్వాత ఒక్క ముక్క ముందుకెళ్ళలేదు నువ్వు."

"నీ గడి సూద్దాం."

"నాదెందుకు?"

"ఎందుకేటి? పందెం ఏటి మనకి? నాకు నువ్వు హిందీ, నీకు నాను తెలుగు. పాలకొండ బళ్ళో మూడో తరగతి సదివినోణ్ణి, నా మటుకు నాను పంతులునే. ఎక్కడున్నావు నువ్వు?"

"ఇ, ఈ దగ్గర."

"ఫిబ్రవరిలోనూ అక్కడే ఉన్నావు."

"నాకు పరీక్షలు నాన్నా."

"నాకు కొలిమి. తెలుగోళ్ళింట్లో పుట్టి తండ్రి సంతకం సదవలేని పిల్లవి, నువ్వా నన్ను తనిఖీ సేత్తావు?"

"సరే. నాకూ సున్నా. ఇదిగో వేసేను. ఇప్పుడు నా మాటకి జవాబు చెప్పు. పొద్దున్న సాక్చిలో హరిప్రసాద్ మావయ్య కనిపించేడు."

"కనిపిత్తే?"

"టెంపో దిగుతున్నాడు. చేతిలో హెల్మెట్. నైట్ డ్యూటీ అయ్యి వస్తున్నానన్నాడు. షట్‌డౌన్‌లో డ్యూటీ ఏంటి?"

"ఆడిది ఏరే పని."

"మీ కొలిమి దగ్గరే అన్నాడు. కొలిమి ఒక్క పూట ఆగలేదన్నాడు. మీ నాన్న కాంట్రాక్టరు లెక్కలు చూసే ముంషీతో గొడవపడి గేటు బయటికి వచ్చీసేడు, మూడు వారాలైంది, నీకు చెప్పలేదా అన్నాడు."

"ఆడి నోట్లో ఇంత సిమెంటు పొయ్యాలి."

"ఆయన్ని తిట్టకు. నాకు చెప్పు. క్యా హువా? ఏం చేసేవు?"

"ఏటీ సెయ్యలేదు."

"తాగి వెళ్ళేవా?"

"తాగడమేటి! నీకు బుద్ధున్నాదా?"

"ఎవర్నైనా కొట్టేవా?"

"కొట్టలేదు. కొట్టినా బాగున్ను."

"మరేం చేసేవు నాన్నా? ఊరికే ఎవడైనా పని పోగొట్టుకుంటాడా? నా ఫీజుకి నెల రోజులుందనగా? ఏం చేసేవు?"

"సదివినాను."

"ఏంటి?"

"ఏటి సదివినావు, ఏటి సదివినావని ఆర్నెల్లుగా పీక్కు తింటన్నావు గదా. సదివినాను. ఒక కాయితం సదివినాను."

"ఏ కాయితం?"

"ఏటా జూన్‌లో గేట్‌పాస్ కొత్తది సేత్తారు. అప్పుడొక కాయితం ఇత్తారు, హిందీలో. ఎనిమిదేళ్ళుగా సంతకం పెట్టి ఇచ్చీసినాను. ఈపాలి ముంషీ ఇచ్చినాడు గదా, కిటికీ కాడ నిలబడి మొదలెట్టినాను. జూ... తా... జూతా. ఎనకాల లైన్లో ఇరవై మంది. జరుగు ముసలోడా, పట్టుకుని జరుగు అని గోల. నాను జరగలేదు. జూతా మిలా. బూట్లు ముట్టినాయట."

"ముట్టినాయా?"

"నీ డబ్బాలోంచి ముట్టినాయి. తరవాత లైను. సేతి తొడుగులు ముట్టినాయి. తరవాత లైను. ఏటా డాక్టరు సూసినాడు, ఒంట్లో ఏ రోగమూ లేదు."

"ఏ డాక్టరు?"

"అదే అడిగినాను. ఏ డాక్టరు బాబూ, నల్లగుంటాడా తెల్లగుంటాడా అని. జనవరిలో నువ్వు మందుల షాపుకి ఈడ్సుకెల్లే దాకా నాకు బీపీ ఉన్నాదని ఏ నాకొడుకు సెప్పినాడు?"

"నాన్నా..."

"ఎనిమిదేళ్ళు. ఎనిమిది జతల బూట్లు. ఎవడి కాళ్ళకి తొడిగినారు మరి?"

"నాన్నా, నువ్వు అదంతా చదివేవా? నిజంగా? ఒక్కడివే?"

"పావుగంట పట్టింది. సెమటలు పోసీసినాయి."

"మరి ఇందాకా నన్నెందుకు తిట్టనిచ్చేవు! ఈ గడి నిండా టిక్కులు పెట్టాలి నేను! లే. చొక్కా వేసుకునే ఉన్నావు, లే. కాదు, ఇవాళ ఆదివారం. రేపు. రేపు పొద్దున్నే లేబర్ ఆఫీసుకి వెళ్దాం. నేను రాస్తాను అర్జీ. కాయితం ఉందా?"

"లేదు."

"చొక్కా జేబులో ఏముంది?"

"ఏటీ లేదు."

"అదే కదూ? ఇలా ఇవ్వు."

"వొద్దు."

"ఎందుకు వద్దు?"

"వొద్దంటే వొద్దు. టాటానగర్ స్టేషన్‌లో పార్సిల్ మోత పని మాటాడినాను. రేపట్నుంచి ఎల్తాను."

"నూట డెబ్బై బీపీతో మూటలు మోస్తావా?"

"దింపేటప్పుడు తగ్గుతాది లే."

"జోకులెయ్యకు! భయమా నీకు?"

"భయమే."

"ముంషీ అంటేనా? నువ్వెప్పుడూ ఇంతే నాన్నా. అక్కడ తల దించుకోడం, ఇంటికొచ్చి అమ్మ మీద, నా మీద ఎగరడం. నీకు అక్షరాలు నేర్పి నాకేం లాభం? చదవడం వచ్చింది గానీ నోరు రాలేదు."

"నోరుండబట్టే గేటు బయట కూకున్నాను."

"అయితే ఇవ్వు!"

"హేమా, ఇను. కొట్టీ. ఆ చదువు గడి కొట్టీ. మూడిటికీ సున్నా పెట్టు. నానేటీ సదవలేదు. అబద్ధం సెప్పినాను. సరేనా?"

"ఎవరికి చెప్తావు ఈ మాట? నీ ముఖం చూస్తే తెలీదా నాకు? పోనీ నేనే వెళ్తాను ముంషీ దగ్గరికి. నేనే అడుగుతాను."

"ఆడి కాడికి ఎల్లకు."

"వెళ్తాను."

"హేమా, ఎల్లకమ్మా. ఆడి నోటంట నువ్వు ఇనకూడదు."

"నాన్నా, ఏం వినకూడదు నేను?"

"తీసుకో."

"ఇది కొత్తది కాదుగా. పసుపెక్కిపోయింది. తారీకు ఎనిమిదేళ్ళ కిందటిది."

"కొత్తది ఆడి మొగానే పెట్టి వచ్చినాను. ఏ డాక్టరని అడిగినాను గదా, ముంషీ లోపలికెల్లి ఫైలు తెచ్చినాడు. ఇది తీసి నా మీద ఇసిరినాడు. ఇలాటివి ఆడి కాడ ఇంకా ఏడున్నాయట."

"జూతా మిలా... దస్తానే మిలే... డాక్టరీ జాంచ్... నాన్నా, ఇంకేం కావాలి? ఇదొక్కటి చాలు. ఇది చూపిస్తే వాళ్ళ పని—"

"కిందకి సదువు."

"ఇక్కడ నీ సంతకం. తెలుగులో ఉందిగా, నీదే."

"ఇంకా కిందకి."

"'పనివాడికి చదువు రానందువల్ల పైనున్న విషయాలన్నీ నేను అతనికి చదివి వినిపించాను. అతను అర్థం చేసుకున్న తర్వాతే సంతకం చేశాడు.' చూడు, చూడు! ఎంత అబద్ధం! నీకెవడు చదివి వినిపించేడు? వీడే అసలు దొంగ. ముంషీ కన్నా వీడే దొంగ. ముందు వీణ్ణి నిలబెట్టాలి లేబర్ ఆఫీసులో. ఎవడో పేరు కూడా రాసేడు. ఎవడు వీడు..."

"ఆగిపోనావేటి? సదువమ్మా."

"నాన్నా, ఇది..."

"నువ్వప్పుడు ఏడో క్లాసు. ఇంట్లో సదువుకున్నోళ్ళ సేత పెట్టించుకు రమ్మన్నారని తెచ్చినాను. నువ్వు టీవీ సూత్తన్నావు. కొత్తగా హిందీలో సంతకం నేర్సుకున్నావు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పెట్టీదానివి. కింద గీతతో సహా పెట్టినావు. నాను మీ అమ్మకి సూపించి మురిసిపోనాను. మన గుంట ఆఫీసరు లాగ పెట్టింది సూడే అని."

"నేను చదవలేదు నాన్నా. ఒక్క లైను చదవలేదు. స్కూల్ కాయితాల్లాగే అనుకున్నాను."

"తెలుసు."

"ప్రతి ఏడూ తెచ్చేవాడివి. నిరుడు కూడా. నిరుడు నేను కాలేజీలో ఉన్నాను నాన్నా. నిరుడు కూడా చదవలేదు."

"నానూ సదవమనలేదు గదా. పెట్టీ అన్నాను. పెట్టినావు."

"ముంషీ ఏమన్నాడు?"

"ఎక్కడికెల్తావో ఎల్లు, నీ కూతురే నాకు సాచ్చికం అన్నాడు. లేదంటే కొత్తది ఇంటికి పట్టుకెల్లి ఎప్పట్లాగే ఆ పిల్ల సేత పెట్టించుకురా, రేపే గేటు తీత్తానన్నాడు."

"మరి తేలేదే?"

"నీ సేత ఇంకోపాలి పెట్టించడానికా? ఏడవకు. మిషన్ పెట్టి నీకు కూడా సూత్తాను, ఏడిత్తే."

"ఇంత చిన్న అక్షరాలు నాన్నా. ఆఖరి లైను. నాకే కళ్ళు లాగుతున్నాయి. నువ్వు ఇక్కడిదాకా ఎలా వచ్చేవు? పైనుంచి ఇదంతా చదువుకుంటూ..."

"పైనుంచి కాదమ్మా. ఆడు ఇసిరినప్పుడు కింద పడ్డాది. వొంగి తీత్తంటే ముందు నీ పేరే కనబడ్డాది. అంత కాయితంలోనూ తడుముకోకుండా సదివింది ఆ ఒక్క మాటే."