సపోటా చెట్టు మీద లక్ష్మి

ఆగండి, ఒక్క నిమిషం చెవి ఇటు పెట్టండి. పద్మారావు నగర్‌లో ఓ ఇంటి పెరట్లో, తేనెపట్టున్న సపోటా చెట్టు కింద, పై పోర్షన్‌లో అద్దెకుండే వసుధ ఓనర్ రాజేందర్‌ను నిలదీస్తోంది.

"అంకుల్, కాగడాతోని పట్టు తీసేటోన్ని పిలిచిండ్రట?"

"అవునమ్మా. రేపు ఇంట్ల అభిషేకం. పంచామృతంల దుకాణం తేనె పోస్తే ఆంటీకి మనసొప్పదు."

"పక్కింట్ల తీసినప్పుడు చూసిన. ఈగలన్నీ మాడి కుప్పపడ్డయి."

"ఈగలకు ఎవరన్న ఏడుస్తరా?"

"ఈగలు పట్టు పెట్టిననాడు లక్ష్మి వచ్చిందని చెట్టుకు పసుపు కుంకుమ పెట్టింది మీరే కదా. ఇయ్యాల ఆ లక్ష్మినే కాలుస్తరా?"

"జెర మెల్లగ మాట్లాడు."

"ఈగలను చంపకుండ పెట్టెలకు మార్చేటాయన ఎల్లుండి వస్తనన్నడు. అప్పటిదాంక ఆగుండ్రి."

"మంచిగైంది. ఆయనతోనే నీ సామాన్ సుత మార్పిచ్చుకో. కిరాయికుండేటోళ్ళకు నా చెట్టుతోని ఏం పని?"

ఇంతలో గేటు చప్పుడైంది. కాగడా మనిషి వచ్చాడు.

"నువ్వే పొయ్యి గేటు తియ్యి," అంటూ రాజేందర్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

వసుధ కోపంగా గేటు దాకా నడిచింది. బయటి మనిషి మళ్ళీ గేటు తట్టాడు. ఇల్లు పోతే పోయిందని తాళం తియ్యకుండా నిలబడేవారా, తీసేవారా? మీరైతే ఏం చేసేవారు?