ఎవరూ లేని ఎడారిలో చాసిబ్

“ఎవరూ లేరంట! విన్నారా? ఇరవై ఏళ్లయిందని టీవీలో పండగ చేసుకుంటూ, మెడకి టై బిగించుకుని ఆ ముసలి జనరల్ ఏమంటాడూ, సరిహద్దు దాటాక మొదటి రెండు రోజులూ వట్టి ఖాళీ ఎడారి, పురుగు కూడా ఎదురు పడలేదు అంటాడా! మరి నేనెవర్ని? పురుగు కన్నా తీసిపోయానా? చెప్పు తూమా, నేను కనపడనా?”

“కనపడకపోయినా వినపడతావులే అబూ సల్లాల్,” అన్నాడు టీ పాక తూమా, గ్లాసులు కడుగుతూనే. కొడుకు సల్లాల్ పేరు మీద చాసిబ్‌ని అందరూ అలాగే పిలుస్తారు.

సల్మాన్ పట్నానికి పోయే రోడ్డు పక్కన తూమా వేసుకున్న రేకుల పాక అది. పొద్దున ఎడారిలో, ఇసుక కింద పుట్టగొడుగుల్లా ఊరే చిమ దుంపలు ఏరుకొచ్చిన ఆడవాళ్లు ఆ నీడలోనే కుప్పలు పోసుకుని, మట్టి దులుపుతూ కూర్చున్నారు. ఉరుములు బాగా ఉరిమిన ఏడాది చిమ బాగా ఊరుతుంది. ఈ ఏడాది బాగా ఉరిమింది, కానీ ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. పోయిన వారం ఫిద్దా కోడలు నజ్మా నేల పగిలిన చోట దుంప ఉందనుకుని వేలు పెట్టింది. ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది.

అందుకే ఇంజనీరు సుహాద్ వచ్చింది, పాత బాంబులు వెతికి తీసే బృందంతో. వాళ్లకి ఇచ్చింది పది రోజులు. పది రోజుల్లో ఒక్క చోటే జల్లెడ పట్టగలరు. ఏ చోటన్నదే ప్రశ్న. ఇరవై ఏళ్ల కిందట పరాయి సైన్యం దాడి మొదలైన తెల్లవారి ఊరంతా గొర్రెల్ని తోలుకుని సల్మాన్‌కి పారిపోతే, చిమ మీద ఆశ చావక వెనకే ఉండిపోయిన మనిషి చాసిబ్ ఒక్కడు. అతను ఎక్కడ చూపిస్తే అక్కడే వాళ్ల పలుగు దిగుతుంది.

“బాబాయ్, జనరల్ సంగతి వదిలెయ్,” అంది సుహాద్, మోకాళ్ల మీద మ్యాపు సర్దుకుంటూ. “గుత్తుల బాంబులు ఎక్కడ విచ్చుకున్నాయో అది చెప్పు.”

“ఎందుకు వదలాలమ్మా? వదిలీ వదిలీనే కదా మన బతుకు ఇలా ఖాళీ ఎడారి అయింది! అక్కడికే వస్తున్నా, ఉండు. తెల్లారుతోంది. నేను బోర్లా పడుకుని దుంప తీస్తున్నా, ఇంత దుంప, మా సల్లాల్ తలకాయంత. ఇంతలో నేల వణికింది. తలెత్తి చూస్తే ట్యాంకు. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, కంటికి ఆనినంత మేరా ట్యాంకులే. నేను లేవలేదు. ఎందుకు లేవాలి? పడుకునే చెయ్యెత్తి, ఇదిగో ఇలా, ఆగు అన్నా. ఆగింది.”

“ఆగిందా?” అంది కుప్పల్లోంచి ఒక గొంతు.

“ఆగక? పైనున్న మూత తీసి ఒకడు తల బయట పెట్టాడు, ఎర్రగా కాలిన మొహం. బాబూ, కింద దుంపలున్నాయి, పక్కనుంచి పో అన్నా. పోయాడు. అంత పెద్ద సైన్యం ఒక చిమ దుంప కోసం ఓ మైలు వంకర తిరిగిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నారా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఎర్రమొహం వాడే వెనక్కొచ్చాడు. దారి తప్పారంట. బాగ్దాదు ఎటు అని అడిగాడు. నన్ను! చిమ ఏరే మనిషిని! మనల్ని ఎటు అని అడిగితే ఎటు చూపిస్తాం?”

“అటు కానిది ఎటో అటు,” అన్నారు ఆడవాళ్లంతా ఒక్కసారే, నవ్వుతూ. ఎవరి చోటు వాళ్లు దాచుకోవడం, అడిగినవాడికి ఎదురు దిక్కు చూపించడం అక్కడ పుట్టిన పిల్లలకి కూడా తెలిసిన మర్యాద.

“అదీ! సుద్దగుట్ట చూపించా. దాని చుట్టూ తిరగడం మొదలెట్టారు. నాలుగు వందల ట్యాంకులు. ముందుది తిరిగీ తిరిగీ చివరిదాని తోక అందుకుంది, అందుకుని, ఎవరో తమకన్నా ముందు పోతున్నారని అనుకుని, దానికే సెల్యూట్ కొట్టింది. రెండు రోజులమ్మా! ఆ జనరల్ చెప్పిన రెండు రోజులు అవే! ఎవరూ ఎదురు పడలేదంటాడు, నా గుట్ట చుట్టూ తిరుగుతుంటే వాడికి వాడి సైన్యమే ఎదురు పడుతోంది మరి, ఇంకెవరు పడతారు? సిగ్గు లేకపోతే సరి.”

“రెండు రోజులు తిండీ నీళ్లూ?” అన్నాడు తూమా. వృత్తి ధర్మం కొద్దీ అడిగాడు.

“బాగా అడిగావు. మూడో పూటకి నా దగ్గరికే వచ్చారు, నాలుకలు వేలాడేసుకుని. ఇంటికొచ్చినవాడు శత్రువైనా టీ పొయ్యకుండా పంపుతామా? నా దగ్గరున్నది ఒక్క కెటిల్, పిడికెడు పంచదార. అప్పుడు ట్యాంకు తుపాకీ గొట్టం ఉంది చూడు, దాన్ని కిందికి వంచమన్నా. పై నుంచి ఆకు వేసి నీళ్లు పోశా, ఇంజను రెండు సార్లు గుర్రుమనేసరికి పొంగొచ్చింది. కింద గ్లాసులు పట్టి నాలుగు వందల ట్యాంకుల మనుషులకీ పోశా, ఇంకా మిగిలితే మేకలకి పోశా. నీ టీ కంటే చిక్కగా ఉంది తూమా, కోపం తెచ్చుకోకు. మరి తాగి లేచాక ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నీ చెయ్యి చల్లగుండా అన్నాడా? అనలేదు! ఇప్పుడు టీవీలో అక్కడ ఎవరూ లేరంటున్నాడు. నా టీ తాగి!”

ఆ చివరి మాట చాసిబ్ నవ్వించడానికి అనలేదు. నవ్వుతున్న వాళ్లు కాస్త తగ్గారు.

“నాకు మండింది. ఇంట్లోకి వెళ్లి మా అమ్మ నేసిన తివాచీ తీశా. ముప్ఫై ఏళ్ల దుమ్ముంది అందులో. గుమ్మంలో నిలబడి రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి దులిపా. ఒక్కసారే! ఆకాశం నారింజ పండు రంగుకి తిరిగింది. బాగ్దాదు దాకా దీపాలు పెట్టుకున్నారు పట్టపగలు. సైన్యం సైన్యమంతా ఎక్కడిదక్కడ కళ్లు మూసుకుని కూర్చుంది. గుర్తుందా ఆ దుమారం? ప్రపంచమంతా చూపించారు. ఏమని చూపించారు? వాతావరణం అని! వాతావరణమంట! నా భుజం ఇప్పటికీ నొప్పి, పేరు మాత్రం వాతావరణానికి!”

“రెండోసారి దులిపుంటే సముద్రంలో పడేవాళ్లు,” అన్నాడు తూమా.

“దులిపేవాణ్ణే, భుజం పట్టేసింది. ఆ కోపం మీద వాళ్లు ఏం చేశారు? పైనుంచి గుత్తుల బాంబులు వదిలారు, నా ఒక్కడి మీద. టపటపా విచ్చుకుని వడగళ్లలా దిగుతున్నాయి, తెల్ల రిబ్బన్ల తోకలు ఊపుకుంటూ. నేను కంగారు పడలేదు. జుబ్బా అంచు రెండు చేతులా పట్టి, పరిగెత్తుతూ పట్టా. ఒళ్లో పడ్డవి పడ్డట్టు, ఎడమ చేత్తో కొన్ని, చెప్పుతో తన్ని కొన్ని, మొత్తం తొమ్మిది వందల నలభై. ఒక్కటి నేల తాకనివ్వలేదు. మోసుకెళ్లి తోడేలు పల్లంలో కుమ్మరించా. ఇక ఎక్కడా లేవు ఇంజనీరమ్మా. అన్నీ అక్కడే. నజ్మాకి తగిలిందంటావా, అది వాన నీటికి పల్లంలోంచి కొట్టుకొచ్చిన ఒంటరిది. రాసుకో. తోడేలు పల్లం.”

సుహాద్ పెన్సిలుతో సున్నా చుట్టింది. “జుబ్బా సంగతి దేవుడెరుగు, చోటు మాత్రం నమ్ముతున్నా బాబాయ్. ఇరవై ఏళ్లుగా నువ్వు ఆ పల్లం పేరే చెప్తున్నావని అందరూ అన్నారు. రేపటి నుంచి పది రోజులూ అక్కడే తవ్వుతాం.”

“తవ్వుతారా?” చాసిబ్ టీ గ్లాసు కింద పెట్టాడు. “తవ్వడం ఎందుకమ్మా? చుట్టూ ప్రమాదమని ఎర్ర రంగు రాళ్లు పెట్టి పొండి, చాలు. పిట్టని కూడా రానివ్వకండి. నిద్రపోతున్నవాటిని లేపడం దేనికి?”

అప్పటిదాకా తల ఎత్తని ఫిద్దా అప్పుడు ఎత్తింది. చాసిబ్‌కి వదిన ఆమె, చనిపోయిన అన్న భార్య. లేచి వచ్చి, అతని పక్కనున్న గంపలోంచి ఒక దుంప తీసి, అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో గీకింది.

“ఇది పొద్దున ఎక్కడ తీశావు చాసిబ్?”

“తూర్పున, వదినా.”

“తూర్పున ఎర్ర ఇసుక. దీనికి తెల్ల సుద్ద అంటుకుని ఉంది. దుంపలున్న సుద్ద నేల ఈ చుట్టుపక్కల ఒక్క తోడేలు పల్లంలోనే ఉంది. నాకు పెళ్లయిన కొత్తలో మీ అన్న చూపించాడు.”

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు.

“గాలికి అంటుకుని ఉంటుందిలే,” అన్నాడు చాసిబ్.

“ఏటా రెండు బస్తాలకీ గాలికే అంటుకుందా? తొమ్మిది వందల బాంబులున్న చోట ఏటా బోర్లా పడుకుని వేలు పెట్టి తవ్వుతున్నావు. నీకు పది వేళ్లున్నాయి. నా కోడలికి ఐదు.”

“వదినా, చిమ ఏరేవాళ్లం, చోటు దాచుకోవడం తప్పా? నువ్వు దాచుకోవా?”

“దాచుకుంటా! నన్నడిగినా ఎదురు దిక్కే చూపిస్తా! కానీ దుంప ఉన్న చోటు దాచుకోవడానికి బాంబు ఉన్న చోటు మార్చి చెప్తానట్రా? అక్కడున్నాయి అక్కడున్నాయి అని ఆ పల్లం వైపు మమ్మల్ని ఇరవై ఏళ్లు రానివ్వలేదు. మరి మమ్మల్ని ఎటు పంపావు? ఎక్కడ పడ్డాయో చూసినవాడివి నువ్వొక్కడివే. మేం రోజూ దేని మీద నడుస్తున్నాం? చెప్పు! ఈ పిల్ల పది రోజులూ నీ దుంపల చేను తవ్వి వెళ్లిపోతుంది, ఇక మళ్లీ ఎవరూ రారు. నా ఇంకో కోడలికి ఎన్ని వేళ్లు ఉంచుదామనుకుంటున్నావు?”

ఆమె అరుస్తోందని ఆమెకే తెలియదు. రోడ్డు మీద పోతున్న లారీ వాడు కూడా వేగం తగ్గించి చూశాడు.

చాసిబ్ తన చేతుల వంక చూసుకున్నాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు అతనిదేనా అనిపించింది.

“నేను ట్యాంకుని చూడలేదు. దూరంగా దుమ్ము చూశా, అంతే. గాడిదల వాగులో నక్క తవ్విన గుంట ఉంది, అందులో దూరి మీద తివాచీ కప్పుకున్నా. పైన టపటపా చప్పుడు. చాలాసేపు. మధ్యాహ్నం దాటాక బయటికొస్తే వాగు పొడుగునా తెల్ల రిబ్బన్లు. ఇసుకలో సగం దిగి ఉన్నాయి. చెప్పులు చేత పట్టుకుని వాటి మధ్యలోంచి నడిచొచ్చా. ఏడుస్తూ నడిచా. ఎవరూ నన్ను చూడలేదు.”

గాడిదల వాగు ఆ ఆడవాళ్లు ఇంటికీ ఎడారికీ రోజూ తిరిగే దారి.

“వాగులో ఎంత మేర?” అంది సుహాద్. సున్నా చెరిపేస్తున్న రబ్బరు చప్పుడు అందరికీ వినిపిస్తోంది.

“నోటితో చెప్పలేనమ్మా.”

“చెప్పొద్దు. నీ చెప్పడం చాలు,” అంది ఫిద్దా. “లే. చూపించు.”

సుహాద్ అతన్ని జీపు ముందు సీట్లో ఎక్కించుకుంది. వెనక ఫిద్దా ఎక్కింది, ఎవరూ పిలవకుండానే. “ఒడ్డు దాకానే బాబాయ్, లోపల కాలు పెట్టేది లేదు. మొదటి రిబ్బను ఎక్కడ చూశావో అక్కడ ఆపమను,” అంది సుహాద్. వాగు మలుపు పాక నుంచి మూడు మైళ్లు. నజ్మా పడిపోయింది అక్కడే. జీపు అక్కడి దాకా పోతుందనే అందరూ అనుకున్నారు. తూమా పొయ్యి మీద ఇంకో కెటిల్ కూడా పెట్టాడు, వచ్చేసరికి ఆలస్యమవుతుందని.

జీపు రోడ్డు దిగి, వాగు ఒడ్డు పట్టుకుని, ఆడవాళ్లు పొద్దున వచ్చిన అడుగుల పక్కనే మెల్లగా కదిలింది. రెండు వందల గజాలు కూడా పోలేదు. పాకలో ఉన్నవాళ్లందరికీ చాసిబ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

“ఆపమ్మా. రిబ్బన్లు ఇక్కణ్నుంచే.”